పత్తి కట్టె కోతకు ట్రాక్టర్ కిరాయి: లెక్కను ఊరి ముందు పెట్టాలని బహిరంగ లేఖ

దక్షిణ తెలంగాణ జిల్లాల వ్యవసాయ శాఖ అధికారులకు, గ్రామ సర్పంచులకు, ట్రాక్టర్ యజమానుల సంఘాల పెద్దలకు, రైతు సోదర సోదరీమణులకు నమస్కారాలతో రాయునది.

నేను నల్గొండ జిల్లాలో మునుగోడు వైపు చెలక రైతును. పత్తి, కొంత బత్తాయి తోట, బోరు కింద రెండు మళ్ల వరి నా సాగు. దానితోపాటు ఒక 45 హెచ్‌పీ ట్రాక్టర్‌ను, కల్టివేటర్, రోటవేటర్, గడ్డి కోసే స్లాషర్, పత్తి ఏరాక చేనులో మిగిలే కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డర్‌లతో సహా కిరాయికి నడుపుతాను. వరి కోతకు, గడ్డి కట్టలకు మాత్రం నేనే ఇతరుల మిషన్లను పిలిపించుకొని కిరాయి కడతాను. కిరాయి వసూలు చేయడంలోని కష్టం, కట్టడంలోని కష్టం రెండూ తెలిసినందువల్ల ఈ లేఖను ఏ ఒక్క పక్షం తరఫునా రాయడం లేదు.

ట్రాక్టర్ పనుల కిరాయి ఏ ప్రాతిపదికన నిర్ణయమవుతున్నదో విచారించి, ప్రతి సీజనుకు ముందు ఒక సూచిక ధరల పట్టికను ప్రకటించాలని కోరుతూ గత ఏడాది మా ఊరి రైతులం కొందరం కలిసి ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాము. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు. ప్రైవేటు కిరాయిలతో తమకు సంబంధం లేదని నోటిమాటగా చెప్పారు తప్ప రాతపూర్వకంగా ఒక్క వాక్యం రాలేదు. యజమానులు కూర్చున్న చోటికి వెళ్లి అడిగితే, అందరూ తీసుకునేదే తామూ తీసుకుంటున్నామని జవాబిచ్చారు. సంక్రాంతి దాటింది. పత్తి ఏరుడు ముగింపుకు వచ్చింది. కట్టె కోత మొదలైతే ఈ ఏడాది ధర కూడా పాత పద్ధతిలోనే ఖాయమైపోతుంది కనుక, విషయాన్ని అందరి ముందు పెట్టడం తప్ప మాకు మరో దారి కనిపించలేదు.

పాత పద్ధతి ఎలా ఉంటుందో ముందుగా చెప్పాలి. సీజను మొదట్లో ఎవరో ఒకరు ఒక రైతు దగ్గర ఎకరానికి ఇంత అని తీసుకుంటారు. ఆ మాట సాయంత్రానికి హోటల్ దగ్గరికి, మర్నాటికి పక్క ఊరికి చేరి ధరగా నిలబడిపోతుంది. భూమి రేగడా, ఎర్ర చెలకా, కట్టె ఎండిందా, పచ్చిగా ఉందా, మడి చదునుగా ఉందా, రాళ్లున్నాయా అన్నవి ఆ ధరలో ఎక్కడా ఉండవు. కొన్ని ఊళ్లలో యజమానులు కలిసి కూర్చొని, ఇంతకు తక్కువ తీసుకున్నవారికి జరిమానా అని కూడా కట్టుబాటు చేసుకుంటున్నారు. సేవలు అందించేవారు ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకొని ధర ఖాయం చేయడాన్ని 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్ తప్పుగా చూస్తుందన్న సంగతి వారికి ఎవరూ చెప్పినట్లు లేదు. అందుకే మేము ప్రభుత్వాన్ని ధర ఖాయం చేయమని గానీ, సంఘాలను ఒక ధరకు కట్టుబడమని గానీ అడగడం లేదు. ధర వెనుక ఉన్న లెక్క బయటికి రావాలని అడుగుతున్నాము. లెక్క కనిపిస్తే బేరం మనుషుల మధ్య న్యాయంగా జరుగుతుంది.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. వ్యవసాయ యంత్రాల పని ఖర్చును ఎలా అంచనా వేయాలో చెప్పే మార్గదర్శకం ఒకటి భారతీయ ప్రమాణాల కింద 9164 నంబరుతో 1979 నుంచే ఉంది. దాని పద్ధతిని నా ట్రాక్టర్‌కు అన్వయించి వేసిన లెక్క ఇది. అంకెలు ట్రాక్టర్‌ను బట్టి మారుతాయి, పద్ధతి మారదు.

ట్రాక్టర్ ధర 8 లక్షల రూపాయలనుకుందాం. పదేళ్ల తరువాత పదో వంతు ధర పలుకుతుందనుకుంటే ఏడాదికి 72,000 రూపాయల అరుగుదల. ఏడాదికి 600 గంటలు నడిస్తే గంటకు 120 రూపాయలు. పదేళ్లలో సగటున ఇరుక్కొని ఉండే పెట్టుబడి 4,40,000 రూపాయలు. దాని మీద 12 శాతం చొప్పున వడ్డీ 52,800, అంటే గంటకు 88. బీమా, కొట్టం వగైరాలకు ఏడాదికి 16,000, గంటకు 27. టైర్లు, మరమ్మతులకు ఏడాదికి 40,000, గంటకు 67. డ్రైవర్ కూలి రోజుకు 800 చొప్పున ఎనిమిది గంటలకు పంచితే గంటకు 100. ష్రెడ్డర్ నడిచేటప్పుడు డీజిల్ గంటకు అయిదున్నర లీటర్లు, లీటరు 95 రూపాయలనుకుంటే 522. ఆయిల్, గ్రీజు 52. ష్రెడ్డర్ అరుగుదల, బ్లేడ్లు, బెల్టులు కలిపి 120. మొత్తం 1,096 రూపాయలు. యజమాని శ్రమకు, ఊరి నుంచి చేను దాకా ఖాళీగా నడిచే దూరానికి, పని దొరకని రోజులకు 15 శాతం కలిపితే గంటకు దాదాపు 1,260 రూపాయలు.

గంటకు ఎంత భూమి కోయగలమన్నది రెండో లెక్క. అయిదు అడుగుల వెడల్పు మిషన్ గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో నడిస్తే కాగితం మీద గంటకు దాదాపు ఎకరంన్నర కోయాలి. మలుపులు, పక్కపక్క సాళ్లు ఒకదాని మీద ఒకటి పడటం, ఇరుక్కున్న కట్టెను తీయడం పోను చదునైన పెద్ద చేనులో నూటికి డెబ్బై పాళ్లు నిలుస్తుంది, అంటే గంటకు సుమారు ఎకరం. చిన్న కమతంలో నూటికి యాభై అయిదుకు పడిపోతుంది. అప్పుడు ఎకరానికి గంటా పదమూడు నిమిషాలు పడుతుంది. కనుక అదే మిషన్‌తో అదే పనికి న్యాయమైన కిరాయి పెద్ద చేనులో ఎకరానికి 1,200 పైచిలుకు, ముక్కలు ముక్కలైన చేనులో 1,530 దాకా అవుతుంది. ఈ తేడాను యజమాని అత్యాశ అనడం సరికాదు. కానీ నిజంగా జరుగుతున్న వసూలు ఈ తేడాను దాటిపోతున్నది.

ఇక సామాన్యుల మీద పడుతున్న భారాన్ని వరుసగా చెబుతాను.

1. గుంటలను ఎకరాలుగా చేసి వసూలు చేయడం. ఇది అన్నింటికంటే పెద్ద అన్యాయం. మా పొరుగున ఒంటరిగా సాగు చేసుకునే ఒక అక్కకు 28 గుంటల చెలక ఉంది. మూడు మూలల మడి, నడుమ ఒక గుండు రాయి, ఒక పక్క పూడిపోయిన బావి గొయ్యి. నేను అటు బత్తాయి తోటలో ఉండగా వేరొకరి ట్రాక్టర్ వచ్చి ఆమె పత్తి కట్టె కోసింది. గుండు దగ్గరికి వచ్చినప్పుడల్లా డ్రైవర్ మిషన్‌ను లేపి వెనక్కి తీసి మళ్లీ దించవలసి వచ్చింది. బావి గొయ్యి పక్కన రెండు సాళ్లు వదిలేస్తే ఆమె కొడవలితో కోసుకున్నది. పనికి యాభై నిమిషాలు పట్టింది. ఆ ఏడాది నడుస్తున్న మాట ఎకరానికి 1,600. ఎకరానికి 40 గుంటలు కనుక గుంటకు 40 చొప్పున 1,120 రూపాయలు రావాలి. గంట లెక్కన చూసినా 1,050 అవుతుంది. ఆమె నుంచి పూర్తి 1,600 తీసుకున్నారు. తన పట్టాదారు పాసు పుస్తకంలో 28 గుంటలని ఉన్నదని ఆమె చెప్పినా, ఎకరానికి తక్కువైతే బండి రాదన్నారు. ఎక్కువ పోయిన 480 రూపాయలంటే ఆమెకు దాదాపు రెండు బస్తాల యూరియా. పదెకరాల రైతు మాత్రం అదే యజమానితో బేరమాడి ఎకరానికి 1,300 చొప్పున కట్టాడు. భూమి తక్కువున్నవారు గుంటకు ఎక్కువ కడుతున్నారన్నది కొత్త సంగతి కాకపోవచ్చు, కానీ దాన్ని ఎవరూ లెక్కగట్టి చెప్పకపోవడం వల్లనే అది మామూలైపోయింది. తెలంగాణలో సగటు కమతం రెండున్నర ఎకరాలే కనుక ఇది ఏ కొందరి బాధో కాదు.

2. డీజిల్ పేరు చెప్పి పెంచిన కిరాయి డీజిల్ తగ్గినా తగ్గకపోవడం. గంటకు అయిదున్నర లీటర్లు తాగే బండికి డీజిల్ లీటరుకు అయిదు రూపాయలు పెరిగితే గంటకు పెరగవలసింది 28 రూపాయలలోపే. రోటవేటర్‌కు ఇంకొంచెం ఎక్కువ తాగుతుందనుకున్నా 35 దాటదు. అయినా డీజిల్ పెరిగిందన్న మాట రాగానే కిరాయి వంద, రెండు వందల చొప్పున పెరుగుతున్నది. 2022 మే నెలలో కేంద్ర ప్రభుత్వం డీజిల్ మీద ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 6 రూపాయలు తగ్గించినప్పుడు మా వైపు ఏ పనికీ కిరాయి తగ్గిన దాఖలా నేను చూడలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్ల మీద, విడిభాగాల మీద 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత బండి కొన్న మాలాంటివారికి బండి ధరలో దాని లాభం లేదన్నది నిజమే, కానీ టైర్లలో, విడిభాగాలలో ఉంది. కొత్తగా కొన్నవారికి రెండింటిలోనూ ఉంది. వ్యవసాయ యంత్రాల కిరాయి మీద జీఎస్టీ అసలే లేదు.

3. ఎకరం లెక్కలో పని నాణ్యత చెడిపోవడం. ఎకరానికి ఇంత అని మాట్లాడుకున్న డ్రైవర్‌కు త్వరగా ముగించాలన్న ఆశ ఉంటుంది. మిషన్‌ను ఎత్తి పట్టి వేగంగా పోనిస్తే కట్టె జానెడు మోడుగా నిలబడిపోతుంది, కాయలు ముక్కలు కాకుండా పక్కకు పడిపోతాయి. గులాబీ రంగు పురుగు ఆ మిగిలిన కాయల్లోనే, రాలిన గుడ్డి పత్తిలోనే దాగి తరువాతి పంట దాకా బతుకుతుంది. పంటను జనవరి దాటనివ్వవద్దని, కట్టెను ముక్కలు చేసి భూమిలో కలిపేయాలని శాస్త్రవేత్తలు ఏటా చెబుతున్నది అందుకే. ఒక రైతు చేనులో నిలిచిన మోళ్లు చుట్టుపక్కల అందరి పంటకూ చేటు. గంట లెక్కలో దీనికి ఎదురు దోషం ఉంది, బండి నెమ్మదిగా నడుస్తుంది. అందువల్ల ఏ ఒక్క లెక్కా సరిపోదు. గంట ధర, ఆ నేలకు ఎకరానికి పట్టవలసిన గరిష్ఠ సమయం, మోడు ఎత్తు మూడూ ముందే మాట్లాడుకోవాలి. కోతకు ముందు గొల్ల కురుమల మందలను చేనులో తోలించి మేపితే పురుగున్న కాయలు తగ్గుతాయి, ఆకు రాలిపోయి మిషన్ కూడా తేలికగా నడుస్తుంది. ఈ మంచి అలవాటు మా వైపు ఇంకా ఉంది, దాన్ని నిలబెట్టుకోవాలి.

4. కిరాయి భరించలేక కట్టెను తగలబెట్టడం. అయిదారు క్వింటాళ్లు కూడా రాని చెలకలో కట్టె కోతకు ఒకసారి, దుక్కికి ఒకసారి, తొలకరికి ముందు మళ్లీ ఒకసారి కిరాయి కట్టడం కష్టం. ఎకరానికి సీజనుకు 6,000 రూపాయల చొప్పున ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సొమ్ములో పెద్ద భాగం విత్తనం పడకముందే ట్రాక్టర్‌కు పోతుంది. భూమి తనది కాని కౌలు రైతుకు ఆ సొమ్ము కూడా చేతికి రాదు, కిరాయి మాత్రం పూర్తిగా కట్టాలి. అలాంటివారు అగ్గిపుల్ల గీస్తే వారినొక్కరినే తప్పు పట్టలేము. కానీ కాలిన ప్రతి ఎకరంలో నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థం పోతున్నది, గెట్టు మీద వేప చెట్లు, పక్క చేనులో డ్రిప్ పైపులు కాలిపోతున్నాయి.

5. ఉద్దెర. పత్తి అమ్మిన సొమ్ము చేతికి వచ్చాక కడతామని చెప్పే రైతుకు ధర ఎక్కువ వేస్తున్నారు. డీజిల్‌ను నగదుకు కొనే యజమానికి వడ్డీ భారం ఉన్నదన్నది నేను ఒప్పుకుంటాను. కానీ ఆ వడ్డీ ఎంతో విడిగా చెప్పకుండా కిరాయిలో కలిపేసినప్పుడు నెలకు నూటికి అయిదు, పది రూపాయల వడ్డీ కూడా అందులో దాగిపోతుంది.

6. ఊళ్లో లేని రైతు. పాలమూరు పల్లెల నుంచి, దేవరకొండ, చింతపల్లి మండలాల నుంచి హైదరాబాద్‌కో, ముంబైకో పనికి పోయినవారు ఫోన్‌లో మాట్లాడి చేను కోయిస్తారు. ఎంత కోశారో, ఎంతసేపు పట్టిందో చూసేవారుండరు. చెప్పినంత ఫోన్‌పేలో పంపించాలి.

7. ట్రాక్టర్లు ఎక్కువై, ఒక్కొక్క ట్రాక్టర్‌కు పని తక్కువై, కిరాయి తగ్గకుండా పెరగడం. దీన్ని అధికారులు ప్రత్యేకంగా గమనించాలి. పైన చెప్పిన లెక్కలో అరుగుదల, వడ్డీ, బీమా కలిపి గంటకు 235 రూపాయలు. ఏడాదికి 600 గంటలు నడిచే బండి 300 గంటలే నడిస్తే అది 470 అవుతుంది, గంట కిరాయి 1,260 నుంచి 1,530కి పోతుంది. 1,000 గంటలు నడిస్తే 1,150కి దిగుతుంది. అప్పు మీద, సబ్సిడీ మీద ఊరికి ఎన్ని ట్రాక్టర్లు వచ్చాయన్నదే లెక్కగా పథకాలు నడిచినంత కాలం రైతుకు కిరాయి తగ్గదు, యజమానికి వాయిదా తీరదు. మా మండలంలో ట్రాక్టర్ వాయిదా కట్టలేక బండిని ఫైనాన్స్ వారికి అప్పగించినవారు ఉన్నారు. రైతును పిండి యజమాని బాగుపడుతున్నాడని అనుకునేవారు ఆ ఇళ్లను కూడా చూడాలి. ట్రాక్టర్లు ఇన్ని ఉన్నా పత్తి కట్టె ష్రెడ్డర్లు మాత్రం మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి, అవి కూడా నెలా నెలన్నరకే పనికొస్తాయి. అందరి కట్టె ఒకేసారి ఎండుతుంది కనుక ఆ నెలలో ష్రెడ్డర్ ఉన్నవారిదే మాట.

8. ప్రాణభద్రత. ట్రాక్టర్ ఇంజిన్ శక్తిని వెనుక మిషన్‌కు అందించి ష్రెడ్డర్‌ను, స్లాషర్‌ను తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. దాని మీది కవచం ఊడిపోయినా కిరాయి పోటీలో బాగుచేయించకుండా నడిపిస్తున్నారు. లుంగీ అంచో, తువ్వాలో చిక్కితే మనిషి బతకడు. స్లాషర్ కింద పడిన రాయి ఎటు ఎగురుతుందో చెప్పలేము, అయినా కోత వెనుకే పిల్లలు కట్టె ఏరుకోవడానికి వస్తుంటారు. భద్రతకు అయ్యే ఖర్చు కిరాయి లెక్కలో ఒక పంక్తిగా ఉంటే దాన్ని ఎగ్గొట్టడానికి వంక ఉండదు.

బత్తాయి తోటల గురించి ఒక్క మాట. సాళ్ల మధ్య గడ్డి కోతకు ఎకరం లెక్క అసలు పనికిరాదు. వంగిన కొమ్మలను, డ్రిప్ లేటరల్ పైపులను చూసుకుంటూ నడపాలి. పైపు తెగితే ఎవరు పెట్టుకోవాలన్న తగాదా ప్రతి తోటలో ఉంది. పైపులను చెట్టు మొదళ్ల వైపు జరిపి ఉంచడం రైతు బాధ్యత, జరిపి ఉంచిన పైపును తెంపితే నష్టం యజమానిది అని ముందే రాసుకుంటే సరిపోతుంది.

పై విషయాలన్నింటిని దృష్టిలో పెట్టుకొని మేము కోరుతున్నవి ఇవి.

1. ప్రతి వ్యవసాయ విస్తరణ అధికారి తన క్లస్టర్ పరిధిలోని రైతు వేదికలో, సంక్రాంతికి ముందు ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి రైతులను, కౌలుదారులను, ట్రాక్టర్ యజమానులను, డ్రైవర్లను కూర్చోబెట్టి, పైన చూపినటువంటి ఖర్చుల లెక్కను అందరి ముందు వేయించాలి. పత్తి కట్టె కోత, గడ్డి కోత, కల్టివేటర్, రోటవేటర్, దమ్ము ఒక్కొక్కదానికి విడివిడిగా ఆ లెక్కను గోడ మీద రాయించాలి. అది ఆజ్ఞ కానక్కరలేదు. చదవగలిగేలా ఉంటే చాలు. ఈ సంవత్సరం సంక్రాంతి దాటిపోయింది కనుక కట్టె కోత ఊపందుకోకముందే మొదటి సమావేశం జరగాలి.

2. కొలత గుంటల్లోనే ఉండాలి. కమతం చిన్నదైతే బండి వచ్చి పోయే ఖర్చును విడిగా చెప్పి తీసుకోవచ్చు, 28 గుంటలను 40 చేయకూడదు. ఫోన్ పట్టుకొని గెట్టు వెంట ఒక చుట్టు నడిస్తే విస్తీర్ణం చూపే యాప్‌లు ఉన్నాయి. వాటిని వాడటం డ్రైవర్లకు, రైతులకు రైతు వేదికలోనే నేర్పించాలి. సాగు చేసిన మేరకే కొలవాలి, గుండ్లు, బావులు కలిసిన పాసు పుస్తకం విస్తీర్ణం కూడా ప్రమాణం కాదు.

3. ప్రతి పనికి ఒక చీటీ ఉండాలి. బండి చేనులోకి దిగిన సమయం, పని ముగించి బయటికి వచ్చిన సమయం, కోసిన గుంటలు, మోడు ఎత్తు, నగదా ఉద్దెరా, ఉద్దెరైతే దాని మీద అదనం ఎంత, మొత్తం ఎంత అని రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ట్రాక్టర్ మీటరులోని గంటలను మాత్రమే నమ్మకూడదు. పాత బండ్లలో ఆ మీటరు ఇంజిన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, గడియారంతో సరిపోదు. ఊళ్లో లేని రైతుకు ఆ చీటీ ఫొటో తీసి పంపాలి.

4. డీజిల్‌ను కిరాయి నుంచి వేరు చేసి చూపాలి. లీటరు ధర ఎంత మారితే గంట కిరాయి ఎంత మారాలో పట్టికలోనే ఉండాలి, పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ. రైతే డీజిల్ పోయించుకుంటానంటే ఒప్పుకోవాలి.

5. కంపాసాగర్, పాలెం కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు మన నేలల్లో, మన ఊళ్ల బండ్లతోనే కోత నడిపించి, రేగడిలో ఎంత డీజిల్, చెలకలో ఎంత డీజిల్, ఏ సైజు మడిలో ఎంత సమయం అన్నది కొలిచి ప్రకటించాలని మనవి. నా లెక్కలోని అయిదున్నర లీటర్లు నా బండికి చెల్లుతుంది. అందరికీ చెల్లే అంకెను వారే చెప్పగలరు.

6. ప్రభుత్వ సబ్సిడీతో ఏర్పడిన యంత్రాల కిరాయి కేంద్రాలు తమ వద్ద ఏ యంత్రాలున్నాయి, కిరాయి ఎంత, ఎవరి వంతు ఎప్పుడు అన్నది బోర్డు మీద రాయాలి. ప్రజాధనంతో కొన్న ష్రెడ్డర్ అయినవారి చేలల్లోనే తిరిగి, మిగిలినవారికి మరమ్మతులో ఉన్నదని చెప్పే పరిస్థితి ఉండకూడదు. ఇకపై సబ్సిడీ ఇచ్చేటప్పుడు ఇంకో ట్రాక్టర్ కంటే ఇంకో ష్రెడ్డర్‌కు ముందు అవకాశం ఇవ్వాలి.

7. ఒకే దిక్కున ఉన్న చిన్న చేలను ఒకే రోజు కోసేలా సర్పంచులు వరుస పట్టిక తయారు చేయించాలి. నాలుగు కిలోమీటర్లు ఖాళీగా వచ్చి 28 గుంటలు కోసి పోయే బండికి ఖర్చు ఎక్కువ. అదే దారిలో మరో అయిదు చేలు కలిస్తే ఆ ఖర్చు అందరిమీద పంచబడుతుంది. చిన్న రైతు కిరాయి తగ్గడానికి ఇంతకంటే తేలికైన ఉపాయం నాకు తెలియదు, దీనికి ఏ బడ్జెట్టూ అక్కరలేదు.

8. తక్కువ తీసుకున్నవారికి జరిమానా అనే కట్టుబాట్లను సంఘాల పెద్దలు వెంటనే రద్దు చేయాలి. పీటీవో కవచం లేని బండిని పనికి పంపకూడదని, కోసే మిషన్ నడిచేటప్పుడు మనుషులను దగ్గరికి రానివ్వకూడదని దానికి బదులుగా కట్టుబాటు చేసుకోవాలి. సభ్యులకు నిజంగా మేలు చేసే కట్టుబాటు అదే.

నా వంతుగా నా ట్రాక్టర్ లెక్కను కాగితం మీద రాసి మా పంచాయతీ నోటీసు బోర్డు పక్కన అతికించాను. అందులో ఏ అంకె ఎక్కువ వేశానని తోచినా, తక్కువ వేశానని తోచినా తోటి యజమానులు, రైతులు వచ్చి అడగవచ్చు. ఈ సీజనులో గుంటల లెక్కతోనే కిరాయి తీసుకుంటాను, చీటీ రాసిస్తాను.

ఈ లేఖకు ఉగాదిలోపు రాతపూర్వకమైన జవాబు ఇవ్వాలని, తొలకరి దుక్కుల నాటికి ప్రతి రైతు వేదికలో ఖర్చుల పట్టిక కనిపించాలని అధికారులను గౌరవంతో, గట్టిగా కోరుతున్నాము. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, సబ్సిడీ యంత్రాల వివరాలతో మొదలుపెట్టి, ఇవే ప్రశ్నలను ఒక్కొక్కటిగా అడుగుతాము.

ఇట్లు,
మునుగోడు ప్రాంతపు పత్తి రైతు, ట్రాక్టర్ యజమాని,
నల్గొండ జిల్లా